శ్రుతీ లేదు, లయా లేదు, హోరుంది

తెలుగులో శబ్దానికి ఎన్ని పేర్లున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. సడి, సవ్వడి, అలికిడి, చప్పుడు, రొద, గోల, హోరు, ఘోష. ఆకు కదిలితే సడి, అడుగు పడితే అలికిడి, గాలివాన ముంచుకొస్తే హోరు. వీటిలో చాలావాటికి ఇంగ్లీషువాళ్లు వాడేది ఒకే మాట: నాయిస్. గడిచిన యాభై ఏళ్లలో ఆ మాట ఒక సంగీత ప్రక్రియకు పేరు కూడా అయింది. దానిలో అన్నిటికన్నా తీవ్రమైన శాఖ పేరు హార్ష్ నాయిస్. తెలుగులో దానికి దగ్గరగా వచ్చే మాట, నా దృష్టిలో, హోరు.

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు. ఈ సంగీతానికి తల్లీ లేదు, తండ్రీ లేడు. రికార్డు పెట్టగానే తొలి క్షణంలోనే శబ్దం పూర్తి బలంతో మీద పడుతుంది. ఎత్తుగడ ఉండదు, పల్లవి ఉండదు. గాజు పెంకులను జల్లెడలో ఆడిస్తున్నట్టు ఒక పొర, దాని అడుగున పెద్ద ఇంజను గుర్రుమంటున్నట్టు ఇంకో పొర, ఆ రెండింటినీ చీల్చుకుంటూ పైనెక్కడో సన్నని కూత. ఇరవై నిమిషాలు, నలభై నిమిషాలు, ఒక్కోసారి గంట. ఆగేటప్పుడు కూడా ముగింపు అంటూ ఉండదు. తీగ తెగినట్టు ఆగిపోతుంది.

మొదటిసారి విన్నప్పుడు నేను రెండు నిమిషాలకే కట్టేశాను. ఇది వినేవాళ్లంతా విన్నట్టు నటిస్తున్నారని కూడా అనుకున్నాను. ఆ అభిప్రాయం మారడానికి చాలాకాలం పట్టింది. మారాక తెలిసిందేమిటంటే, ఈ ప్రక్రియ చరిత్ర అంతా ఒక తీసివేతల లెక్క. ముందు స్వరం పోయింది, తర్వాత లయ, తర్వాత మాట, ఆ తర్వాత వేదిక మీది వీరంగం. చివరికి మార్పు అనేది కూడా పోయింది. ‘ఇది కూడా తీసేస్తే, ఇంకా వినదగ్గది ఏమైనా మిగులుతుందా?’ అని ఒక్కో తరం అడిగింది, తీసేసి చూసింది. ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలింది. ఆ మిగిలినదేమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు శబ్దం సంగతి. బిగించిన తీగను మీటితే అది ఒక క్రమంలో కంపిస్తుంది. సెకనుకు 200 సార్లు కంపిస్తోందనుకుంటే, దానితోపాటే 400, 600, 800 ఇలా దాని గుణిజాల్లో మరికొన్ని కంపనాలు పుడతాయి. ఆ లెక్క చెవికి బాగా తెలుసు. అందుకే వాటన్నిటినీ కలిపి ఒక్క స్వరంగా పట్టుకుంటుంది. క్రమం లేని కంపనంలో చెవికి ఆ ఆసరా దొరకదు. వినబడే పౌనఃపున్యాలన్నీ సమానమైన శక్తితో కలిసిపోతే వచ్చేది వైట్ నాయిస్. అన్ని రంగులూ కలిసిన వెలుగు తెల్లగా ఉంటుంది కనుక ఆ పోలికతో పెట్టిన పేరు. పైకి పోయేకొద్దీ, పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్‌ల చొప్పున శక్తి తగ్గుతూ పోతే దాన్ని పింక్ నాయిస్ అంటారు. అది చెవికి కొంచెం మెత్తగా, వాన చప్పుడులా తగులుతుంది.

హార్ష్ నాయిస్ అంటే వైట్ నాయిస్‌ను గట్టిగా వినిపించడమే కదా అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వైట్ నాయిస్‌ను ఎక్కడ కోసి చూసినా ఒకేలా ఉంటుంది, దానిలో చెయ్యి కనబడదు. హార్ష్ నాయిస్‌లో పొరలుంటాయి, అవి ఒకదాన్నొకటి మింగుతుంటాయి, ఒక పొర చిరిగితే దాని కిందిది బయటపడుతుంది. బట్టను వేళ్ల మధ్య పెట్టుకుని నేత ఎలా ఉందో చూసినట్టు ఈ శబ్దాన్ని వినాలి. రాగం ఏమిటని అడిగితే జవాబు రాదు. గరుకా, నునుపా, పొడిగా రాలుతోందా, తడిగా అంటుకుంటోందా అని అడిగితే చెవి వెంటనే జవాబు చెబుతుంది.

చేసేవాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. బల్ల మీద ఒక రేకు డబ్బా మూత. దాని వెనక నాణెమంత పియెజో బిళ్ల అతికించి ఉంటుంది. దీన్ని కాంటాక్ట్ మైకు అంటారు. మామూలు మైకు గాలిలోని శబ్దాన్ని పట్టుకుంటే, ఇది వస్తువు లోపలి కంపనాన్నే నేరుగా పట్టుకుంటుంది. మూతను గోటితో గీరితే గదిలో కూర్చున్నవాళ్లకు వినబడీ వినబడనట్టు ఉంటుంది. కానీ ఆ బిళ్ల నుంచి వచ్చిన తీగ గిటారువాళ్లు వాడే డిస్టార్షన్ పెడల్‌లోకి వెళుతుంది. ఆ పెడల్ చేసే పని సులువైనదే. శబ్దాన్ని విపరీతంగా పెంచి, ఒక ఎత్తు దాటిన తరంగాన్ని అక్కడికక్కడే నరికేస్తుంది. గుండ్రటి కొండలాంటి తరంగం తల తెగి బల్లపరుపు గుట్ట అవుతుంది. అలా నరికిన ప్రతిచోటా మూల శబ్దంలో లేని కొత్త పౌనఃపున్యాలు పుట్టుకొస్తాయి. మెత్తగా ఉన్నది ముళ్లతో నిండిపోతుంది. దాన్ని రెండో పెడల్‌కు పంపితే ఆ ముళ్లకు ముళ్లు మొలుస్తాయి. మూడోదానికి వెళ్లేసరికి గోటి గీత కాస్తా కొండచరియ విరిగిపడుతున్న హోరుగా మారిపోతుంది.

అసలు కిటుకు దీని తర్వాత ఉంది. వేర్వేరు శబ్దాలను కలిపే పరికరమైన మిక్సర్ నుంచి బయటికి వచ్చే శబ్దాన్ని తిరిగి అదే మిక్సర్ లోపలికి పంపుతారు. సభల్లో మైకు స్పీకరు ముందుకు వస్తే కీచుమంటుంది కదా, ఆ సూత్రమే. సోరెన్ లార్సెన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త పేరు మీద దాన్ని లార్సెన్ ప్రభావం అని కూడా అంటారు. సభ నడిపేవాళ్లు ఆ కూతను ఆపడానికి పరిగెత్తుతారు. నాయిస్ చేసేవాళ్లు దాన్ని పెంచి పోషిస్తారు. శబ్దం తనను తానే తింటూ తిరుగుతున్నప్పుడు బయటి నుంచి ఏమీ ఇవ్వకపోయినా అది ఆగదు. టోక్యోకు చెందిన తొషిమారు నకమురా మిక్సర్‌కు ఏ వాద్యాన్నీ తగిలించకుండా, దాని సొంత ప్రతిధ్వనినే వాద్యంగా చేసుకున్నారు. ఆయన సంగీతం చాలావరకు నెమ్మదైనదే. కానీ అదే పద్ధతిని హార్ష్ నాయిస్ వాళ్లు గరిష్ఠ బలంతో వాడతారు. ఈ స్థితిలో బొత్తాన్ని వెంట్రుకవాసి తిప్పినా శబ్దం ఊహించని చోటికి దూకుతుంది. చేసేవాళ్ల పని మదపుటేనుగు మీద కూర్చున్న మావటి పని లాంటిది. నడిపేది పూర్తిగా మావటీ కాదు, పూర్తిగా ఏనుగూ కాదు.

దీనికి పూర్వగాథ కొంత ఉంది. 1913లో ఇటలీ చిత్రకారుడు లుయీజీ రుస్సొలో, యంత్రయుగానికి పాత వాద్యాలు చాలవనీ, శబ్దాలను కూడా వాద్యబృందంలోకి తేవాలనీ ఒక ప్రకటన రాశారు. పెట్టెల్లాంటి, బాకాలున్న యంత్రాలను కూడా తయారుచేశారు. 1914 ఏప్రిల్‌లో మిలాన్‌లో వాటితో కచేరీ పెడితే హాలులో కొట్లాట జరిగింది. ఆ యంత్రాల్లో ఒక్కటీ ఇప్పుడు మిగల్లేదు. 1948లో పారిస్ రేడియోలో పనిచేసే పియేర్ షేఫర్ రైలు చప్పుళ్లను ప్లేట్ల మీద రికార్డు చేసి, వాటిని కలిపి ఒక రచనగా మలిచారు. ఇద్దరూ మహానుభావులే. అయితే వాళ్లు చేసింది కూడిక. సంగీతానికి శబ్దాన్ని చేర్చారు, కూర్పు అనే దాన్ని వదులుకోలేదు.

తీసివేత మొదలైంది 1975లో, అదీ ఎవరూ ఊహించని చోట. అప్పటికే పేరున్న రాక్ గాయకుడు లూ రీడ్, ఆర్‌సీఏ లాంటి పెద్ద కంపెనీ ద్వారా రెండు ప్లేట్ల రికార్డు ఒకటి విడుదల చేశారు. దానిలో పాట లేదు, మాట లేదు, డ్రమ్ము లేదు. గిటార్లను యాంప్లిఫయర్ల ముందు పెట్టి వాటి కూతలను పొరలు పొరలుగా పేర్చిన గంటకు పైగా హోరు. చివరి వైపున గాడిని వలయంగా మూసేశారు. సూదిని చేత్తో ఎత్తితే తప్ప అది ఆగదు. కొన్నవాళ్లు వెనక్కి తెచ్చి ఇచ్చారు, కంపెనీ దాన్ని త్వరలోనే బజారు నుంచి తీసేసింది. అది కంపెనీ మీద కోపంతో చేసిన పనా, నిజమైన ప్రయోగమా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు ఆ వాదన కన్నా 2002లో బెర్లిన్‌లో జరిగిన విషయం ముఖ్యం. సైట్‌క్రాట్సర్ అనే బృందం ఆ హోరును విని విని సంగీత లిపిలో రాసుకుని, వయొలిన్లూ బూరలతో వేదిక మీద వాయించింది. అర్థంలేని గోలను ఎవరూ లిపిలోకి ఎక్కించలేరు.

ఆ కాలంలోనే లండన్‌లో త్రాబింగ్ గ్రిసిల్ అనే నలుగురి బృందం ఇండస్ట్రియల్ రికార్డ్స్ అనే సొంత సంస్థ పెట్టింది. ఇండస్ట్రియల్ మ్యూజిక్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. వాళ్ల శబ్దంలో ఇంకా లయ ఉంది, మాట ఉంది. కానీ వేదిక మీద హింస, శవాలు, నిర్బంధ శిబిరాల ప్రస్తావనలు తెచ్చి ప్రేక్షకులను కలవరపెట్టడం అక్కడే మొదలైంది. 1980లో విలియం బెనెట్ మొదలుపెట్టిన వైట్‌హౌస్ దాన్ని ఇంకా ముందుకు నెట్టింది. లయను తీసేసింది. చెవిని గుచ్చే సన్నని సింథసైజర్ కూత, దాని మీద అరుపులు, తిట్లు. ఆ శైలికి పవర్ ఎలక్ట్రానిక్స్ అని పేరు పెట్టింది కూడా బెనెట్టే.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. పవర్ ఎలక్ట్రానిక్స్ శబ్దంలో గొప్ప ధైర్యం ఉంది. దాని బొమ్మల్లో, మాటల్లో మాత్రం చాలాచోట్ల బద్ధకం కనబడుతుంది. వరుస హంతకుల ఫొటోలు, నాజీ గుర్తులు, ఆడవాళ్ల మీద హింస అట్టల మీద ముద్రించి, ‘సమాజానికి అద్దం పడుతున్నాం’ అనడం ఆ రంగంలో ఒక ఆనవాయితీ అయింది. అద్దమైతే ఎవరి ముఖాన్ని చూపిస్తోందో చెప్పగలగాలి. చాలామంది చెప్పలేకపోయారు. ఇంకా విచారించవలసిన విషయమేమిటంటే, ఆ అస్పష్టత చాటున నిజంగానే ఆ భావాలున్నవాళ్లు కూడా చేరారు. ఈ రంగంలో నేటికీ నడుస్తున్న తగాదాల్లో సగం ఆ నాటి చీకటి నుంచి వచ్చినవే. శబ్దం తనంతట తానుగా ఎవరినీ కించపరచదు. దానికి అంటించిన చీటీ ఆ పని చేస్తుంది.

జపాన్ కథ మొదలైన తీరు వేరు. 1979లో క్యోటోలో జోజో హిరొషిగె తదితరులు హిజొకైదాన్ అనే బృందం కట్టారు. పేరుకు అర్థం అత్యవసర మెట్లదారి. మొదట్లో వాళ్ల కచేరీలు కూడా వీరంగాలే. వేదిక మీద వాంతులు, మూత్రం, విసిరేసిన చెత్త, పగిలిన సామాను. ఒసాకాలో యమత్సుక ఐ అనే యువకుడి హనతరాష్ ఇంకా దూరం పోయింది. 1985లో టోక్యోలోని ఒక హాలులో ఆయన తవ్వకపు యంత్రాన్ని నడుపుకుంటూ గోడ పగలగొట్టుకుని వచ్చారు. దెబ్బలు తగిలితే బాధ్యత మాదేనని ప్రేక్షకులు ముందుగానే కాగితాల మీద సంతకాలు చేసి కూర్చున్నారు. ఆనాటి ఫొటోలు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. నాయిస్ గురించి తెలియనివాళ్లకు కూడా ఈ కథ తెలుసు. అదే చిక్కు. యంత్రం గుర్తుంటుంది, శబ్దం ఎలా ఉందో ఎవరూ అడగరు.

వీరంగాన్ని తీసేస్తే ఏం మిగులుతుందన్న ప్రశ్నకు నాకు దొరికిన మంచి జవాబు ఇన్‌కెపాసిటెంట్స్. 1981లో తొషిజి మికవ మొదలుపెట్టిన ఈ బృందంలో తర్వాత ఫుమియొ కొసకై చేరారు. మికవ బ్యాంకులో, కొసకై ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం చేసేవారు. వారమంతా కార్యాలయంలో కాగితాలు చూసుకుని, సాయంత్రం ఒక చిన్న హాలులో బల్లనిండా పెడళ్లు పరుచుకుని నిలబడేవారు. శుద్ధమైన నాయిస్ చేయాలన్నది వాళ్ల పట్టుదల. సంగీత భావన ఏదీ లేనిది, వీలైతే మనిషి ఉద్దేశం కూడా సోకనిది. వాళ్ల కచేరీ చూస్తే శరీరాలు కంపిస్తుంటాయి, ముఖాలు వెలిగిపోతుంటాయి. అక్కడ కోపం లేదు. ఎవరినీ బెదిరించడం లేదు. హార్ష్ నాయిస్ అంటే కసి అని నమ్మేవాళ్లకు నేను ముందుగా చూపించేది వీళ్లనే.

ఇక మసామి అకిత. 1956లో టోక్యోలో పుట్టారు, చిత్రకళ చదివారు, 1979లో మెర్జ్‌బౌ పేరుతో శబ్దాలు చేయడం మొదలుపెట్టారు. కుర్ట్ ష్విట్టర్స్ అనే జర్మన్ కళాకారుడు పారేసిన చెత్తాచెదారం ఏరి తన ఇంట్లోనే ఒక కట్టడంగా పెంచుతూ పోయిన మెర్జ్‌బావు నుంచి ఆ పేరు తీసుకున్నారు. పేరులోనే పద్ధతి ఉంది. లోకం పనికిరాదని పారేసిన శబ్దాన్ని ఏరుకోవడం. చెడిపోయిన టేప్ రికార్డర్లు, ఇనుప డబ్బాకు తీగలూ స్ప్రింగులూ బిగించి చేసుకున్న వాద్యం, తర్వాత ఇంగ్లండులో తయారైన ఇఎంఎస్ సింథసైజర్లు. 1990లలో ఆయన ఆల్బమ్‌లను అమెరికాలోని రిలాప్స్ అనే మెటల్ సంగీత సంస్థ విడుదల చేయడంతో వేగానికీ బరువుకూ అలవాటుపడ్డ మెటల్ శ్రోతలు ఇటు తిరిగారు. 2000లో ఆస్ట్రేలియా సంస్థ ఎక్స్‌ట్రీమ్ ఆయన పనిని 50 సీడీల పెట్టెగా తెచ్చింది. మొత్తం విడుదలలు వందల్లో ఉన్నాయి. ఇన్నెందుకు అని అడిగేవాళ్లున్నారు. ఒక్కొక్కటీ ఒక గొప్ప కృతి అనుకుంటే ఆ ప్రశ్న న్యాయమే. రోజూ సాధన చేసే మనిషి దినచర్య పుస్తకం అనుకుంటే మాత్రం ఆ సంఖ్యకు అర్థం దొరుకుతుంది. 2000 ప్రాంతంలో ఆయన లాప్‌టాప్‌కు మారారు, తర్వాత శాకాహారి అయి జంతువుల హక్కుల కోసం మాట్లాడారు, మళ్లీ పాత యంత్రాల దగ్గరికి వచ్చారు. శబ్దం బలం మాత్రం తగ్గించలేదు.

జపాన్‌లో అందరూ ఒకేలా చేశారనుకోవడం కూడా తప్పే. మసొన్న పేరుతో యమజాకి మసొ చేసే కచేరీలు కొన్ని నిమిషాల్లోనే ముగుస్తాయి, ఎగిరి దూకి కుప్పకూలే ఒక్క పేలుడు అంతే. సి.సి.సి.సి. బృందంలో మయుకొ హినొ తదితరులు చేసిన హోరు నెమ్మదిగా ఉబ్బే నదిలా సాగుతుంది. క్యోటోకు చెందిన అకిఫుమి నకజిమ, ఆబ్ అనే పేరుతో, తనకు తానే ఒక నియమం పెట్టుకున్నారు: ఒక రచనకు ఒకే వస్తువు. ఒకసారి నీళ్లు మాత్రమే, ఒకసారి దీపపు గొట్టాల గుంయ్ మనే మోత, ఒకసారి గుండె చప్పుడు, ఒకసారి బైబిలు పుటలు. నీటి బొట్టు చప్పుడు నుంచి మొదలై, వేరే ఏదీ కలపకుండా, అది హోరయ్యేదాకా తీసుకెళ్లేవారు. ఎంత తీసేసినా ఏదో మిగులుతుందని నాకు నమ్మకం కలిగించింది ఆయనే. 2013లో ఆయన మరణించారు.

ఇదంతా బయటి ప్రపంచానికి చేరిన దారి క్యాసెట్టు. ఫిలిప్స్ 1963లో తెచ్చిన ఆ చిన్న ప్లాస్టిక్ పెట్టెను ఎవరైనా ఇంట్లోనే నింపవచ్చు, ఇంట్లోనే ప్రతులు తీయవచ్చు, కవరులో పెట్టి పోస్టు చేయవచ్చు. ఒక టేపు పంపితే అవతలివాళ్లు ఇంకో టేపు పంపుతారు. డబ్బు చేతులు మారవలసిన పని లేదు. ప్రతి తీసిన ప్రతిసారీ అడుగున బుస పెరుగుతుంది, పై అంచులు అరిగిపోతాయి. వేరే సంగీతమైతే అది నష్టం. ఇక్కడ అది కూడా ఒక పొర అయింది. పాశ్చాత్య శ్రోతలు అక్కడక్కడా దొరికిన ఈ టేపులను కలిపి జపనాయిస్ అని పేరు పెట్టారు. క్యోటో, ఒసాకా, టోక్యోల్లో ఒకరికొకరు పోలికలేని పనులు చేస్తున్నవాళ్లు దూరం నుంచి చూసేసరికి ఒకే ఉద్యమంలా కనబడ్డారు. ఆ పేరు తిరిగి జపాన్‌కు చేరి, అక్కడివాళ్లు తమను తాము చూసుకునే తీరును కూడా కొంత మార్చింది.

ఈ మార్పిడిలో అమెరికా వైపు ముఖ్యమైన మజిలీ మసాచుసెట్స్‌లోని లోవెల్ పట్టణం. అక్కడ రాన్ లెసర్డ్ నడిపిన ఆర్ఆర్ఆర్ రికార్డ్స్ కొట్టూ, ఆ పేరుతోనే ప్రచురణ సంస్థా. వాళ్ల రీసైకిల్డ్ మ్యూజిక్ అనే వరుస చూడముచ్చటైనది. ఎవరివో పాత పాటల క్యాసెట్లు తీసుకుని, వాటి మీదే నాయిస్ రికార్డు చేసి, పాత అట్ట మీద వెడల్పాటి టేపు అతికించి, దాని మీద కొత్త పేరు చేత్తో రాసేవారు. కొన్నింటిలో హోరు ముగిసిన చోట పాత పాట ముక్క ఒకటి హఠాత్తుగా మేలుకుంటుంది. 1998లో వాళ్లు విడుదల చేసిన మరో ప్లేటు మీద వలయంగా మూసిన 500 గాడులున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్కరు చేసినది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ప్లేటు మీద ఒక చుట్టుకు పట్టే కాలం 1.8 సెకన్లు. ఆ 1.8 సెకన్ల శబ్దం, సూది తీసేదాకా అలా తిరుగుతూనే ఉంటుంది. వినేవాళ్లు కావాలంటే ఒక్కో గాడి దగ్గర నిమిషం ఉండవచ్చు, గంట ఉండవచ్చు. ఇరవైసార్లు తిరిగాక మొదట్లో వినబడనిది వినబడుతుంది. రచన ఎంతసేపు ఉండాలో నిర్ణయించే పని శ్రోతకు వచ్చేసింది.

ఇక్కడి నుంచి ఆఖరి తీసివేతకు ఎంతో దూరం లేదు. మెర్జ్‌బౌ శబ్దం ఎంత గరుకుగా ఉన్నా క్షణక్షణం మారుతుంది. ఆ మార్పే దాని నాటకం. 2000ల మధ్యలో కొందరు దాన్ని కూడా వద్దనుకున్నారు. కెనడాలోని వాంకూవర్‌కు చెందిన శామ్ మెక్‌కిన్లే, ద రీటా అనే పేరుతో, జపాన్, అమెరికా నాయిస్‌లో తనకు ఇష్టమైన ఆ చిటపటలాడే గరుకుదనాన్ని మాత్రమే ఉంచి మిగతాది తీసేశారు. 2006లో వచ్చిన ఆయన రచన ఒకదానికి ముడిసరుకు, సొరచేపలను దగ్గరగా చూడటానికి సముద్రంలోకి దింపే పంజరం దగ్గర రికార్డు చేసిన శబ్దాలు. ఈ శైలికి హార్ష్ నాయిస్ వాల్ అని పేరు. తెలుగులో అంటే హోరుగోడ. పారిస్‌లో రోమెన్ పెరో, వోమిర్ పేరుతో, దీన్ని ఒక సిద్ధాంతంగా మార్చారు. మార్పు ఉండదు, వికాసం ఉండదు, భావం ఉండదు అని ప్రకటన రాశారు. కచేరీల్లో ప్రేక్షకులకు నల్లటి ప్లాస్టిక్ సంచులు పంచుతారు, ఇష్టమైనవాళ్లు తలకు తగిలించుకుని వింటారు. ఆయన కూడా తగిలించుకుని, శబ్దాన్ని పెట్టి, కదలకుండా నిలబడతారు. చూడటానికి ఏమీ మిగలదు. వేదిక కూడా పోయింది.

ఒక హోరుగోడ ముందు కూర్చుంటే ఏం జరుగుతుందో నా అనుభవం నుంచి చెబుతాను. మొదటి నిమిషం ఒంట్లో ప్రతిఘటన. ఇది మారాలి, ఏదో రావాలి అని మనసు తొందర పడుతుంది. మూడో నిమిషానికి రాదని తెలిసిపోతుంది, అప్పుడు విసుగు. చాలామంది లేచి వెళ్లేది అక్కడే. అయిదారు నిమిషాలు దాటాక ఒక విచిత్రం. గోడ పగుళ్లిస్తుంది. ఎడమ చెవి వైపు చిన్న చిటపట ఒకటి విడిగా వినబడుతుంది, దాని వెనక పెద్ద గుర్రు ఒకటి ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. పదో నిమిషంలో గొంతులు వినబడతాయి, పాట లాంటిది వినబడుతుంది. అక్కడ గొంతుల్లేవు, పాట లేదు. క్రమం దొరకని చోట మెదడు తానే క్రమాన్ని అల్లుతుంది. మబ్బుల్లో ముఖాలు కనబడటం లాంటిదే. స్వరం, లయ, మాట, నాటకం అన్నీ తీసేసిన చోట మిగిలింది ఇదే: వింటున్న మనిషి చెవి పనిచేస్తున్న తీరు. మామూలు సంగీతంలో పాట ముందుంటుంది కనుక ఆ పని మనకు కనబడదు.

ప్రక్రియగా దీనికి ఒక వైరుధ్యం పట్టుకుంది. నియమాలన్నీ వద్దని మొదలైనది ఇప్పుడు తన నియమాలను తానే కాపలా కాస్తోంది. గోడలో చిన్న విరామం వస్తే అది గోడ కాదని తగవు పడేవాళ్లున్నారు. ఏ పెడల్ తర్వాత ఏ పెడల్ పెట్టాలో పాఠాలు తయారయ్యాయి. దీన్ని నేను దిగజారడం అనుకోను. ఏ కళకైనా పనితనం అనేది ఏర్పడ్డాక గురువులూ వస్తారు, చాదస్తాలూ వస్తాయి. నాయిస్‌కు పనితనం ఉందని ఒప్పుకుంటే దాన్ని కూడా ఒప్పుకోవాలి.

కొత్త ఊపిరి మాత్రం తరచుగా బయటి నుంచే వచ్చింది. న్యూయార్క్‌లో మార్గరెట్ షార్డియె, ఫార్మకాన్ పేరుతో, పవర్ ఎలక్ట్రానిక్స్‌ను తన శరీరం, తన భయం గురించి చెప్పే భాషగా మార్చుకున్నారు. మగవాళ్లు ఇతరుల మీదికి విసిరిన అరుపు ఆమె గొంతులో లోపలికి తిరిగింది. షాంఘైలో 2004 నుంచి టార్చరింగ్ నర్స్ బృందం క్రమం తప్పకుండా కచేరీలు చేసి అక్కడ ఒక నాయిస్ లోకాన్నే నిలబెట్టింది. ఇండోనేషియాలోని యోగ్యకార్తాలో జోగ్జా నాయిస్ బాంబింగ్ అనే యువకుల గుంపు, గోడల మీద బొమ్మలు వేసేవాళ్ల పద్ధతిని అరువు తెచ్చుకుంది. బహిరంగ స్థలంలో కరెంటు ప్లగ్గు ఎక్కడ దొరికితే అక్కడ చేత్తో చేసుకున్న పెట్టెలు తగిలించి, ఎవరైనా వచ్చి ఆపమనేదాకా వాయించేవారు. పెద్ద స్టూడియో లేకపోవడం అక్కడ లోటు కాలేదు. ఈ సంగీతం మొదటి నుంచీ అడిగింది ఒక రేకు ముక్క, ఒక బిళ్ల, ఒక తీగ మాత్రమే.

వినాలనుకునేవాళ్లకు ముందుగా ఒక గట్టి హెచ్చరిక. లోపలి చెవిలోని రోమకణాలు మనిషిలో ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్‌ల శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యాలకు సంబంధించిన అమెరికా జాతీయ సంస్థ సిఫార్సు. శబ్దం 3 డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్‌ల దగ్గర మిగిలేది 15 నిమిషాలే. చెవులకు బిరడాలు లేకుండా ఈ కచేరీలకు వెళ్లడం శౌర్యం కాదు. ఏళ్ల తరబడి వాయిస్తున్నవాళ్లలో చాలామంది బిరడాలు పెట్టుకునే వాయిస్తారు. ఇంట్లో అయితే శబ్దం తగ్గించి వినండి. గరుకుదనం బలంలో లేదు, నేతలో ఉంది. సన్నగా పెట్టినా అది అలాగే తెలుస్తుంది.

మొదట ఆబ్‌తో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అక్కడ ఒక వస్తువు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. తర్వాత 1990ల నాటి మెర్జ్‌బౌ. ఇన్‌కెపాసిటెంట్స్‌ను వీలైతే వీడియోలో చూడండి, ఆ ముఖాల కోసం. హోరుగోడను ఆఖరికి ఉంచుకోండి. దాన్ని సగంలో ఆపకండి, అది తనంతట తాను ఆగేదాకా కూర్చోండి.

తన శబ్దంతో నిశ్శబ్దాన్ని తయారుచేయాలనుకుంటున్నానని మసామి అకిత ఒక సంభాషణలో అన్నారు. చమత్కారానికి అన్న మాట అనుకున్నాను, గోడ ఆగిన తర్వాతి నిమిషం గమనించేదాకా. హోరు తెగిన వెంటనే గది బావిలా లోతుగా అనిపిస్తుంది. కాసేపటికి ఆ లోతులోంచి ఒక్కొక్కటే పైకి తేలుతాయి: ముందు పంకా రెక్కల గాలి, తర్వాత పక్క గదిలో గడియారం, ఎక్కడో తలుపు మూసిన చప్పుడు. అన్నిటికన్నా ఆలస్యంగా మన ఊపిరి సడి.